ఒడ్డు దిగని ఆత్మారాం

చెరకు తోట ఎంత పెద్దదైనా దాని గుణం చెప్పడానికి మూడు గడలు చాలునని ఆత్మారాం ఇరవై రెండేళ్లు నమ్మాడు. నమ్మితే నమ్మాడు, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఆ మూడు గడలూ తోటలో ఎక్కడినుంచి విరవాలో ఆయన ఒక్కనాడూ ఆలోచించలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తరఫున చుట్టుపక్కల ఊళ్లకు ఆయన చెరకు సూపర్‌వైజరు. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, లూనా బండి, భుజానికి తోలు సంచి. సంచిలో జానెడు గొట్టం ఒకటి ఉండేది. దాని కొసన ఉన్న అద్దం మీద రెండు చుక్కల రసం పిండి, ఎండవైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తే తీపి ఎంతో అంకె కనబడుతుంది. అంకె బాగుంటే అక్కడికక్కడే కోత చిట్టీ రాసిచ్చేవాడు. చిట్టీ దొరికిన రైతు బండ్లు కట్టుకుంటాడు. దొరకనివాడు నిలబడి ఎండుతున్న తోటను చూసుకుంటూ ఏడుస్తాడు. అందుకే ఆత్మారాం వస్తున్నాడంటే ఊళ్లో కుర్చీ మీద కొత్త దుప్పటి పరిచేవారు, ఒక కోడి ప్రాణం పోయేది. ఏళ్ల తరబడి ఇంత మర్యాద జరిగితే ఏ మనిషికైనా తన తెలివి మీద గురి కుదరకుండా ఉంటుందా?

చెరకు తోట లోపలికి దిగడం మాత్రం తెల్ల ప్యాంటు పని కాదు. ఆకు అంచు రంపంలా కోస్తుంది, నూగు గుచ్చుకుంటే రెండు రోజులు గోక్కోవడమే. అందుకని ఆత్మారాం పొలం ఒడ్డు మీదే నిలబడి, చేతికందిన మూడు గడలు విరిపించి, రసం చూసి, చిట్టీ రాసి, కోడి తినడానికి వెళ్లిపోయేవాడు. ఈ సంగతి రైతులకు తెలియదా? చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒడ్డు పక్క గడకు ఎండా గాలీ బాగా తగులుతాయి, అది ముందు పండుతుంది. లోపలి గడ నీడలో నీళ్లు తాగి చప్పగా ఉంటుంది. మోస్రా ఊరి రాజమల్లు అయితే ఒడ్డు వెంట రెండు సాళ్లకు ఎండుటాకు ఒలిచి, కోతకు ముందు నీళ్లు ఆపేసి, కన్నబిడ్డల్లా సాకేవాడు. ఆ గడ మీద ఆత్మారాం అద్దంలో అంకె ఇరవై దాటేది. అదే తోట బండ్లకెక్కి ఫ్యాక్టరీకి వచ్చాక రసంలో తీపి ఎటు పోయేదో ఆఫీసర్లకు అంతుపట్టేది కాదు. వాళ్లకు అంతుపట్టేసరికి ఇరవై రెండేళ్లయింది. అప్పుడు ఆత్మారాంను నిజామాబాద్ పట్నంలోని ఆఫీసుకు మార్చారు. అక్కడికి చెరకు రాదు, కాగితాలే వస్తాయి. ఆయన మాత్రం బోధన్ అంతా తిరిగి ప్రమోషన్ వచ్చిందని చెప్పుకున్నాడు.

అది 1988 ఎండాకాలం. క్వార్టరు ఖాళీ చేయాలి. ఆత్మారాంకు భార్య గంగుబాయి, లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు స్వరూప. ఆ పిల్ల అప్పుడే ఏడో తరగతి పాసైంది. స్వరూపకు లెక్కలంటే ప్రాణం. తోటి పిల్లలు గవ్వలాడుతుంటే ఈ పిల్ల గోడ మీద బొగ్గుతో భాగహారాలు చేసేది. బోధన్‌లో వాళ్ల పంతులు ఆత్మారాంను నిలబెట్టి మరీ చెప్పాడు. "సార్, ఈ పిల్లకు మంచిగ లెక్కలు చెప్పేటోళ్లు దొరికితే ఇంజనీరైతది. దొరకకపోతే మీ పాపమే."

ఆ మాటకు ఆత్మారాం ఛాతీ ఉబ్బింది. ఉబ్బదా మరి? "నేను ఇల్లు సూస్తలేను, నా బిడ్డ నసీబు సూస్తున్న," అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. నోటుబుక్కు తీసి రాసుకున్నాడు కూడా: మంచి కుటుంబాలుండే జాగ, పక్కనే మంచి బడి, గొడవల్లేని గల్లీ. పట్నంలో ఏ వాడ తీపిదో మూడు గడల్లో తేల్చేస్తానని బయల్దేరాడు.

క్వార్టర్ల పక్కింట్లో హుసేన్ బీ ఉండేది. పదేళ్లుగా రెండిళ్ల మధ్య కూరగిన్నెలు తిరగని రోజు లేదు. ఆమె గంగుబాయితో అంది. "గంగక్కా, ఎందుకు తిరుగుడు? మా చెల్లె జకియా పట్నంలనే ఉంటది గద. వాళ్ల గల్లీ కొసకు సర్కారు బడి. ఆ బడిలనే అది లెక్కలు చెప్తది. పిల్లను దాని చేతుల వెట్టు, నువ్వు రంది వెట్టుకోకు."

ఇద్దరూ ఒకనాడు బస్సెక్కి పోయి, ఆ గల్లీలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, నాలుగిళ్లలో చాయ్ తాగి వచ్చారు. గంగుబాయి వస్తూనే మొదలుపెట్టింది. "ఏమయ్యా, అందరున్నరు ఆడ. ఒక ఇంట్ల దెగ్లూరు మరాఠోళ్లు, పక్కింట్ల సాయిబులు, ఎదురింట్ల పద్మశాలోళ్లు. ఆడోళ్లు గడపలల్ల కూసోని బీడీలు చేస్తున్నరు, పొల్లగాండ్లు వాళ్ల పక్కన చాపల మీద లెక్కలు చేస్తున్నరు. మూడు భాషలల్ల తిట్టుకుంటున్నరు గాని లెక్క తప్పితే ఒకని తప్పు ఒకడు దిద్దుతున్నడయ్యా. మన స్వరూప ఆడుంటే మంచిగ సదువుతది."

"నువ్వు చాయ్‌కి పడిపోయినవే," అన్నాడు ఆత్మారాం. "సూసుడంటే ఒక పద్ధతుంటది."

పద్ధతి ప్రకారం ఆయనా పోయాడు. గల్లీ మొదట్లో లూనా ఆపాడు. దిగలేదు, ఒక కాలు నేలకానించాడు అంతే. మురుగు మోరీ అంచున కట్టేసిన మేక ఒకటి గోడమీది కాగితం పీకి తింటోంది. మొదటి గడపలో ఒకావిడ ఒళ్లో చాట పెట్టుకుని బీడీ చుడుతూ ఈయన్ని ఎగాదిగా చూసింది. తంబాకు ఘాటుకు ఈయనకు తుమ్మొచ్చింది. మేక, మోరీ, బీడీ. మూడు గడలు. "అంతా కలగలుపు. తీపి లేదు, రద్దు," అని లూనా తిప్పేశాడు. గల్లీ కొసన ఉన్న బడి ఆయనకు కనబడనే లేదు. కొస దాకా పోతే కదా కనబడేది!

ఆ తర్వాత శ్రీనిలయ కాలనీ చూశాడు. రోడ్డు మీద కమాను, కమాను మీద సిమెంటు ఏనుగులు రెండు. కమాను దాటగానే మూడు బంగళాలు. మొదటి వరండాలో రిటైరైన తహసీల్దారు ఇంగ్లీషు పేపరు చదువుతున్నాడు. రెండో ఇంట్లో డాక్టరు గారి భార్య గులాబీలకు నీళ్లు పోస్తోంది. మూడో ఇంటి గేటు మీద బ్యాంకు మేనేజరు పేరుంది, మేనేజరు కన్నా అతని కుక్కకే దర్జా ఎక్కువ. ఆత్మారాం లూనా మీదే కూర్చుని తహసీల్దారును అడిగాడు, ఎట్లుంటది సార్ కాలనీ అని. "పీస్‌ఫుల్," అన్నాడాయన పేపరు దించకుండా. చాలు. ఆత్మారాంకు అద్దంలో అంకె ఇరవై రెండు కనబడింది. ఇల్లు మాట్లాడేసుకున్నాడు.

ఆ మూడు బంగళాల వెనక ఏముందో సామాన్లు దింపిన రోజున తెలిసింది. ప్లాట్లు గీసిన రాళ్లు, సర్కారు తుమ్మలు, వాటి మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి సగం కట్టిన ఇళ్లు. వీళ్లది పద్నాలుగో నంబరు. ఇటు పదమూడూ లేదు, అటు పదిహేనూ లేదు. నీళ్లు కావాలంటే కమాను దాటి రోడ్డు మీది బోరింగుకు పోవాలి. మొదటి నెలలో పిల్లాపాపలతో వాళ్ల ఇంటికి వచ్చిన కుటుంబం ఒక్కటే, అది పందులది. గంగుబాయి బిందె నడుమున పెట్టుకుని అడిగింది. "ఏమయ్యా, ఇల్లు మాట్లాడే ముందు లోపటికొచ్చి సూసినవా?"

"సూడకుంట తీసుకుంటనా?" అని గద్దించాడు ఆత్మారాం. అబద్ధమైనా గట్టిగా చెబితే నిజమవుతుందని ఆయనకు ఉద్యోగం నేర్పింది.

ఇక బడి. కమానుకు ఎదురుగానే విద్యాశిఖరం ఇంగ్లీష్ మీడియం స్కూలు. గులాబీ రంగు గోడలు, వరండాలో పూలకుండీలు. దాని యజమాని రాజేశ్వర్ సఫారీ సూటు వేసుకుని, తల్లిదండ్రులను సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడతాడు. "బడి అంతా తిరిగి మీరు టైం వేస్ట్ చేసుకోవద్దు సార్. ముగ్గురు పిల్లలను పిలుస్తా. వాళ్లను చూస్తే మూడొందల మందిని చూసినట్టే," అన్నాడు.

ఆ మాట వినగానే ఆత్మారాం కరిగిపోయాడు. ఇన్నేళ్లకు తన శాస్త్రం తెలిసిన మనిషి దొరికాడు! చప్రాసీ గంట రెండుసార్లు కొట్టాడు. ముగ్గురు పిల్లలు వచ్చి వరుసగా నిలబడ్డారు. ఒకడు ఇంగ్లీషులో పాట పాడాడు. ఒకతి దేశదేశాల రాజధానులు ఏకరువు పెట్టింది. మూడో పిల్ల చేతులు కట్టుకుని పంతొమ్మిదో ఎక్కం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. ఆత్మారాం అక్కడికక్కడే సంతకం పెట్టాడు. చేతిలో కోత చిట్టీ పుస్తకం లేకపోయింది గానీ ఉంటే అదీ చించి ఇచ్చేవాడే.

స్వరూప ఎనిమిదో తరగతిలో చేరింది. నెల తిరక్కుండానే ఆ పంతొమ్మిదో ఎక్కం పిల్ల తండ్రికి బదిలీ అయి వాళ్లు ఊరు విడిచిపోయారు. రాజేశ్వర్ క్లాసులన్నీ తిరిగి లెక్కల్లో చురుకైన పిల్ల ఎవరని వెతికాడు. దొరికింది.

"బాపూ, నన్ను క్లాసుల కూసోనిస్తలేరు," అంది స్వరూప ఒకరోజు బువ్వ తింటూ. "రోజూ ఆఫీసు రూం పక్కన స్టూలు మీద కూసోవెడుతున్నరు."

"ఆఫీసు రూం పక్కనా?" ఆత్మారాం గంగుబాయి వైపు తిరిగాడు. "ఇన్నవానే? నెల రోజులు కాలే, బిడ్డను తీస్కపోయి ఆఫీసుల కూసోవెట్టిండ్రు!"

"అది కాదు బాపూ. ఎవలన్న వస్తే గంట కొడ్తరు, నేను పోయి ఎక్కం చెప్పాలె. ఆడ క్లాసుల బీజగణితం అయిపోతున్నది."

"పెద్దమనుషుల ముందట నిలవడి మాట్లాడుడు అందరికొస్తదా? అది గూడ సదువే."

గంగుబాయి ఊరుకోలేదు. "పిల్ల ఏడుస్తున్నదయ్యా. ఒక్కపారి ఆ బడి లోపటికి పోయి రా. నీకు దండం వెడ్త."

ఆయన పోయాడు, పోలేదనడానికి వీల్లేదు. గేటు దాకా పోయాడు. గులాబీ గోడలు చూశాడు, పూలకుండీలు చూశాడు, ఆఫీసు గదిలో ఫ్యాను తిరగడం కూడా గేటు నుంచే చూశాడు. అంతా సవ్యంగా ఉందని ఇంటికొచ్చి చెప్పాడు. గంగుబాయి చేతిలో గరిటె ఉంది. ఆ రోజు అది ఎవరి మీదా పడకపోవడం ఆమె మంచితనం.

సంవత్సరాంతాన ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కల్లో నూటికి తొంభై రెండు. ఆత్మారాం దాన్ని జేబులో పెట్టుకుని ఆఫీసులో బల్ల బల్లకూ తిరిగాడు. ఇంటికి వచ్చేసరికి స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "సగం లెక్కలు నేను రాయనే లేదు బాపూ. నాకు రావు. మరి తొంభై రెండు ఎట్లొచ్చినయి?" అంది.

"వచ్చిన మార్కులను ఎవలన్న అడుగుతరా?" అన్నాడు తండ్రి. ఇట్లాంటి తండ్రికి ఏం చెప్పాలి! పిల్ల ఇక చెప్పడం మానేసింది. గోడల మీద బొగ్గు గీతలు కూడా మానేసింది.

మరుసటి జూన్‌లో బడులు తెరిచారు. తొలకరి వాన పడిన ఒక రోజు మోస్రా రాజమల్లు వెతుక్కుంటూ ఆఫీసుకొచ్చాడు. మనుమణ్ని పట్నం బడిలో వేయాలట. "మీరు సూసి చెప్పాలె సారూ. చెరుకైనా బడైనా మీ అంత ఎవలు సూస్తరు?" అన్నాడు నవ్వకుండా. ఆత్మారాం పొంగిపోయి, కొంగలా మెడ నిక్కించి, అతన్ని లూనా మీద కూర్చోబెట్టుకుని విద్యాశిఖరానికి తీసుకుపోయాడు.

రాజేశ్వర్ ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టాడు. ఆత్మారాం మొహం అతనికి గుర్తు లేదు. ఏటా వందమంది వచ్చే సోఫా అది, ఎవరని గుర్తుపెట్టుకుంటాడు? "బడి అంతా తిరిగి మీరు టైం వేస్ట్ చేసుకోవద్దు సార్," అని మొదలుపెట్టాడు. పోయినేడు చెప్పిన మాటలే, ఒక్క అక్షరం తేడా లేదు. ఆత్మారాంకు సోఫా కొంచెం గుచ్చుకున్నట్టయింది. చప్రాసీ గంట రెండుసార్లు కొట్టాడు. ముగ్గురు పిల్లలు వచ్చారు. మూడో పిల్ల స్వరూప.

ఆమె ఎవరినీ చూడలేదు. చేతులు కట్టుకుని, వాళ్ల తలల పైన గోడను చూస్తూ తన వంతు రాగానే అందుకుంది. "నైంటీన్ వన్స్ ఆర్ నైంటీన్, నైంటీన్ టూస్ ఆర్ థర్టీ ఎయిట్..." ఏడో మెట్టు దగ్గర చూపు కిందికి దిగి తండ్రి మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం ఆగలేదు. పదో మెట్టు దాకా పోయి అక్కడ ఆగింది.

రాజమల్లు ఆత్మారాం చెవి దగ్గరికి వంగాడు. "ఒడ్డు గడలు మస్తున్నయి సారూ. ఇగ తోట సూపియ్యమనుండ్రి."

"ఒడ్డు గడలేంది?"

"ఏం తెల్వనట్టు అడుగుతరేంది?" రాజమల్లు లోలోపల నవ్వుకుంటున్నాడు. "మీరు ఒడ్డు దిగకపోతుంటిరి. ఒడ్డు మీద రెండు సాళ్లు మీ కోసమే సాదితిమి గద. మావోళ్లంత మిమ్మల్ని ఒడ్డు సారు అంటుండె. మీకు ఎరుకే అనుకుంటిమి. గీ పిల్లలు గూడ గంతే. ఎవ్వలో గాని మంచిగ సాదిండ్రు."

"గా మూడో పిల్ల నా బిడ్డ," అన్నాడు ఆత్మారాం.

రాజమల్లు నవ్వు ఆగిపోయింది. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆత్మారాం లేచాడు. క్లాసులు డిస్టర్బ్ అవుతాయి సార్ అని రాజేశ్వర్ అడ్డం రాబోయాడు. ఆత్మారాం అతని భుజం పక్కనుంచి దూరి, కూతురి చెయ్యి పట్టుకుని, వరండా దిగి వెనక్కి నడిచాడు. గులాబీ గోడ అక్కడితో సరి. వెనకంతా రేకుల షెడ్డు, మడమలదాకా బురద. తెల్ల ప్యాంటు మోకాళ్ల వరకూ ఆగమైంది. తొమ్మిదో తరగతిలో అరవై మంది పిల్లలు ఉన్నారు, కుర్చీలో పంతులు లేడు. పక్క గదిలోనూ లేడు.

"నీ జాగ యేది బిడ్డా?"

స్వరూప చివరి బెంచీ మూల చూపించింది. అక్కడ ఆమె సంచి ఒక్కటే ఉంది. ఆత్మారాం లెక్కల నోటుపుస్తకం తీసి చూశాడు. ఎనిమిదో తరగతిది, దాన్నే ఇంకా మోస్తోంది. మొదటి పది పేజీల్లో ముత్యాల్లాంటి అంకెలు. తర్వాత అంతా తెల్ల కాగితం. చివరి దాకా తిప్పాడు, మళ్లీ మొదటి నుంచి తిప్పాడు.

"ఎందుకు రాయలే?"

"నేను ఈడుంటే గద బాపూ రాసేది," అంది స్వరూప.

ఇంటికి పోయాక గంగుబాయి కడుపులో ఉన్నదంతా కక్కింది. "ఏడాది నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్న. నీ ప్యాంటుకు మట్టంటుతదని నా బిడ్డ సదువు మట్టిల కలిపినవ్. పో, ఇగ ఏ ఒడ్డు మీద నిలవడ్తవో నిలవడు!"  ఆ రాత్రి ఆత్మారాం అన్నం తినలేదు.

తెల్లారి లూనా తీయలేదు. కూతుర్ని తీసుకుని నడిచి పోయాడు. గల్లీ మొదట్లో మేక అట్లాగే ఉంది. బీడీలు చుట్టే ఆవిడ ఎగాదిగా చూసి, "ఎవలింటికి అన్నా?" అని అడిగింది. జకియా టీచరింటికని చెబితే చాట పక్కన పెట్టి, దారి చూపిస్తూ కొస దాకా తోడొచ్చింది. బడి పక్కిల్లే జకియాది. ముందు గదిలో చాపల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు, గోడకు నల్లబల్ల ఉంది. హుసేన్ బీ పేరు చెప్పేసరికి జకియా నవ్వి, పిల్లను నల్లబల్ల దగ్గరికి పిలిచింది.

"మా అక్క నిరుడే చెప్పింది, లెక్కల పిల్ల వస్తదని. ఏడాది ఆలస్యంగ వచ్చినవేందిరా? ఏదీ, చెప్పు బిడ్డా."

చెప్పు అన్న మాట వినబడగానే స్వరూప చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. చూపు టీచరు తల మీదుగా గోడకు పోయింది. "నైంటీన్ వన్స్ ఆర్ నైంటీన్," అని మొదలుపెట్టింది. "నైంటీన్ టూస్ ఆర్ థర్టీ ఎయిట్..."

గడప అవతల నిలబడి ఆత్మారాం అది విన్నాడు. ఎంత పని చేశాను అనుకున్నాడు. ఆయన జీవితంలో అంకె విని సిగ్గుపడటం అదే మొదలు.

జకియా లేచి, ఆ కట్టుకున్న చేతులను మెల్లగా విడదీసింది. చేతిలో సుద్దముక్క పెట్టింది. "వచ్చింది ఇడిసిపెట్టు బిడ్డా. రానిది చెప్పు. తప్పేం లేదు. అవసరమైతే ఎనిమిదిల మళ్ల కూసుందువు, ఏమైతది?"

స్వరూప ఒకసారి తండ్రి వైపు చూసింది. ఆయన తలూపాడు. పిల్ల బల్ల వైపు తిరిగింది. "సమీకరణాలు రావు టీచర్. కారణాంకాలు సగమే వస్తయి. త్రిభుజాల సిద్ధాంతాలు ఒక్కటి గూడ రావు..." ఒక్కొక్కటీ చెబుతూ బల్ల మీద రాసుకుంటూ పోతోంది.

"మీరు బయటనే నిలవడ్డరేంది సార్, లోపటికి రాండ్రి," అంది జకియా.

ఆత్మారాం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బురద మరక పోని ప్యాంటుతోనే చాప మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. స్వరూప ఇంకా చెబుతూనే ఉంది. ఆ జాబితా చాలా పొడుగు, ఏడాది పొడుగు. ఆయన ఒక్కటీ వదలకుండా అంతా విన్నాడు.